ఒడ్డునే ఉండిపోయిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని ఆమె మనవరాలు ఫోన్ చేసి చెప్పేటప్పటికి నేను నందిగామ రైతుబజారులో బెండకాయలు ఏరుకుంటున్నాను. చావు కబురు వినగానే మనం అడిగే ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఎప్పుడు, ఎలా జరిగింది, చివర్లో బాధపడిందా అని. నా నోట అవేవీ రాలేదు. "సమాధుల తోటలో పెట్టనిచ్చారా?" అని అడిగాను. కూరగాయలమ్మే ఆయన తలెత్తి నా వంక చూశాడు.

"ఇచ్చారక్కా. నిన్న సాయంత్రమే అయిపోయింది. నీ ఫోను కలవలేదు. గోడ పక్కన పెట్టాం," అంది ఆ పిల్ల.

గోడ పక్కన అంటే ఏమిటో నాకు తెలుసు. జగ్గయ్యపేటలో వాళ్ళ చర్చికి ఊరి చివర ఒక సమాధుల తోట ఉంది. నడుమ ఉన్న వరసలు సంఘ సభ్యులవి. బాప్తిస్మం తీసుకోనివాళ్ళు సభ్యులు కారు. అలాంటివాళ్ళెవరైనా పోతే, చర్చి పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, మనసొప్పితే ప్రహరీ గోడ వెంట చోటిస్తారు. ఆ చర్చిలో సగం మందిని చెయ్యి పట్టుకుని ఆ మెట్లెక్కించిన మనిషికి గోడ పక్కన చోటు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. కానీ ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు.

ఆమె నాకు బంధువు కాదు. మాది నందిగామ. మా నాన్న బడిపంతులు. శనివారం ఇంట్లో వెంకటేశ్వరస్వామికి కొబ్బరికాయ కొట్టందే మాకు పూట గడవదు. సోషల్ వర్క్ ఎమ్మే చదివేటప్పుడు ఆరు నెలలు ఎక్కడో ఒక చోట ఇంటర్న్‌షిప్ చెయ్యాలన్నారు. ఇంటికి దగ్గర్లో దొరికింది పేటలో, అంటే జగ్గయ్యపేటలో, పని చేసే ఒక క్రైస్తవ సంస్థ. "వాళ్ళు నిన్ను మార్చేస్తారే," అని మా అమ్మ బెంగపడింది. తీరా వెళ్ళాక నన్ను మార్చే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది.

లారీ షెడ్ల వెనక, బజారుకి ఆనుకుని ఉన్న ఇరుకు వాడ అది. ఇంటర్న్‌లం నలుగురం వాడలోనే అద్దెకు ఉండాలని సంస్థలో మా సార్ నిబంధన పెట్టారు. మొదటి నెల ఏ పనీ తలపెట్టకూడదు, జనం చెప్పేది వినాలి అన్నారు. మేం చాలా శ్రద్ధగా వినడానికి బయలుదేరాం. అవి మిరపకోతల రోజులు. తెల్లవారేసరికి వాడలో ఆడవాళ్ళంతా ఆటోలెక్కి చందర్లపాడు వైపు చేలకు పోయేవాళ్ళు. మగవాళ్ళు హమాలీ పనికో, సిమెంటు ఫ్యాక్టరీకో పోయేవాళ్ళు. మాకు చెప్పడానికి మిగిలింది పెద్దమ్మ ఒక్కతే. మోకాళ్ళ నొప్పులతో చేనుకు పోలేక, కోతలకు పోయిన తల్లుల పసిపిల్లలందర్నీ తన అరుగు మీద పోగేసుకుని కూర్చునేది.

"మీ వాడకి ముఖ్యంగా ఏం కావాలండి?" అని నేను ఫైలు తెరిచి అడిగాను.

"ముందు ఈణ్ణి కాసేపు ఎత్తుకోండి మేడం గారూ. నా చెయ్యి పడిపోయింది," అని ముక్కు కారుతున్న ఒక పిల్లాణ్ణి నా ఒళ్ళో పడేసింది. నా సర్వే అక్కడితో ఆగింది. ఆ పిల్లాడు నా కొత్త చుడీదారు మీద చెయ్యాల్సిందంతా చేశాడు.

సాయంత్రం తల్లులు తిరిగొచ్చేవాళ్ళు. చేతులు మిరప ఘాటుతో మండుతూ ఉండేవి. పిల్లలు వాళ్ళను చూడగానే చేతులు చాచేవాళ్ళు. పెద్దమ్మ మాత్రం ఇచ్చేది కాదు. అరుగు చివర మజ్జిగ ముంత పెట్టుకుని కాపలా కూర్చునేది. మోచేతుల దాకా మజ్జిగ రుద్దుకుని, కడుక్కుని, ఆమె ముక్కు దగ్గర పెట్టి వాసన చూపిస్తేగాని పిల్ల తల్లి చేతికి వెళ్ళదు. "కన్నావు సరే, వాడి కళ్ళు నీ సొత్తా?" అని కసిరేది. పగలంతా వంగి కాయ కోసి వచ్చినవాళ్ళు కూడా ఆ కసురుకి నవ్వేవాళ్ళు.

వాడంతా ఆమెను పెద్దమ్మా అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. ఆమె మాత్రం నన్ను చాన్నాళ్ళు మేడం గారూ అనే అంది. వద్దు పెద్దమ్మా, అలా పిలవొద్దు అంటే, "అట్టాగే మేడం గారూ," అనేది.

జబ్బు పడ్డవాళ్ళ ఇంటికి ప్రార్థనకు పిలిస్తే ఆమె వెంటనే ప్రార్థన చేసేది కాదు. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ముందు దొడ్లోకి పోయేది. అంట్లు ఉంటే తోమేది. బిందె ఖాళీగా ఉంటే పంపు దగ్గర నిలబడేది. పొయ్యి మీద గంజో జావో ఎక్కించేది. అదంతా అయ్యాకే మంచం పక్కన కూర్చుని రోగి కాలు మీద తడి చెయ్యి వేసేది. "ఇంటెడు పని అట్టా పడుంటే, తండ్రీ స్వస్థపరచు అని ఏ మొహం పెట్టుకుని అడగను? నువ్వు చేసేది నువ్వు చేసొచ్చావా అంటాడు," అనేది.

ప్రార్థన కూడా కళ్ళు తెరుచుకునే చేసేది. అయ్యగారు, అంటే వాళ్ళ పాస్టరుగారు, ఒకసారి మెల్లగా మందలించారు. "నేను కళ్ళు మూసుకుంటే పొయ్యి మీద జావ ఎవరు చూస్తారయ్యగారూ, మీరు చూస్తారా?" అంది. దేవుడితో ఆమె మాటలు పక్కింటి వాళ్ళతో మాట్లాడినట్టే ఉండేవి. "తండ్రీ, దీని మొగుడు మళ్ళీ తాగొచ్చి కొట్టాడు. నువ్వు చూస్తానే ఉన్నావు, నేను వేరే చెప్పేదేంది. ఇంకెప్పుడు పట్టించుకుంటావు?" అని నిలదీసేది. మంచం మీద దెబ్బలు తిన్న మనిషి ఆ మాటకి ఏడుపు ఆపి ఆమె వంక చూసేది.

ఆ వాడలో చాలామందికి రెండు పేర్లుంటాయి. రేషన్ కార్డులో, బడి సర్టిఫికెట్లో ఒకటి. అది వెంకటేశ్వర్లో, సీతామహాలక్ష్మో. చర్చిలో పిలిచే పేరు ఇంకోటి. మతం మారినట్టు కాగితం మీదికి ఎక్కితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. అది పోతే పిల్లల హాస్టలు సీటు, ఫీజు, ఉద్యోగం అన్నీ పోతాయి. అందుకని ఆదివారం ఒక పేరుతో, తక్కిన వారమంతా ఇంకో పేరుతో బతుకుతారు. ఇది తప్పనే అర్హత నాకు లేదు. దేవుడు కావాలో ఉద్యోగం కావాలో తేల్చుకోమని మా ఇంట్లో ఎవరినీ ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

పెద్దమ్మకు మాత్రం ఒకటే పేరు. ఆమె మనవరాలి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు కాబట్టి ఆ పేరు ఇక్కడ రాయడం లేదు.

నెలలో మొదటి ఆదివారం వాళ్ళ చర్చిలో బల్ల ఉంటుంది. రొట్టె విరిచి, చిన్న చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం పోసి అందరికీ ఇస్తారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే తీసుకోవాలి. ఆ పళ్ళెం బయటికి రావడానికి కాస్త ముందు పెద్దమ్మ లేచేది. ఏడుస్తున్న పిల్లల్నీ, ఏడవబోయే పిల్లల్నీ చంకన వేసుకుని బయటికి పోయేది. తల్లులు ప్రశాంతంగా బల్ల తీసుకోవాలని ఈ సేవ చేస్తోందనుకుని నేను ముచ్చటపడ్డాను. జనం అవసరాలు అంచనా వెయ్యడం ఎమ్మేలో నేర్చుకున్నదాన్ని కదా, వెంటనే అంచనా వేసేశాను. పళ్ళెం తన ముందుకు రావడం, వచ్చి తనను దాటి పక్కవాళ్ళకు వెళ్ళడం చూడలేక ఆమె లేచి పోతోందని తెలియడానికి రెండు నెలలు పట్టింది.

అది ముక్త్యాల రేవులో తెలిసింది. ఏడాదికి ఒకటి రెండు సార్లు చర్చివాళ్ళు ట్రాక్టరు కట్టించుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్ళి బాప్తిస్మాలు ఇస్తారు. అయ్యగారు నడుము లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ పూర్తిగా ముంచి లేపుతారు. ఒడ్డున పాటలు పాడుతుంటారు. తడిసి వణుకుతూ వచ్చిన ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవడానికి పెద్దమ్మ ఒక పాత చీర అడ్డం పట్టుకుని నిలబడేది. ఆ రోజు రెండో కొంగు నా చేతికిచ్చింది. ఆమె కన్నా పెద్దవాళ్ళు, చిన్నవాళ్ళు, మొన్న మొన్న చర్చికి రావడం మొదలుపెట్టినవాళ్ళు, ఒక్కొక్కరే ఆ చీర చాటుకు వచ్చి పొడి బట్టలు కట్టుకుని నవ్వుతూ పోతున్నారు.

"నువ్వెప్పుడు తీసుకున్నావు పెద్దమ్మా?" అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని.

"నేనింకా తీసుకోలా," అంది.

నేను వేళాకోళం అనుకున్నాను. ఆమె నీళ్ళ వంక చూస్తోంది. "మా పిల్లని చదివిస్తన్నాగా. తల్లి లేని పిల్ల. దానికి సర్టిఫికెట్ కావాల. రేపు ఆఫీసరొచ్చి, ఏమమ్మా నువ్వు బాప్తిస్మం పుచ్చుకున్నావా అని నన్నడిగితే ఏం చెప్పను? పుచ్చుకున్నానంటే పిల్ల బతుకు పోద్ది. పుచ్చుకోలేదంటే, అప్పుడే నీళ్ళలోంచి లేచిన నోటితో అబద్ధమాడినట్టు. నాకు రెండూ చాతగాదు. దానికి ఉద్యోగం రానీ. మర్నాడే వచ్చి మునుగుతా."

"అందరూ సర్దుకుంటున్నారు కదా పెద్దమ్మా."

"వాళ్ళ సంగతి వాళ్ళకీ ఆయనకీ. చీర ఎత్తి పట్టు అమ్మాయ్, అవతల మగాళ్ళున్నారు," అంది. నన్ను అమ్మాయ్ అనడం ఆ రోజే మొదలు.

నా ఇంటర్న్‌షిప్ అయిపోవచ్చే ముందు ఆ ఆఫీసరు నిజంగానే వచ్చాడు. మనవరాలి కుల ధ్రువీకరణ కోసం ఇంటికొచ్చి విచారణ చేస్తారని ముందు రోజే కబురొచ్చింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నిమిషాల మీద పెద్దమ్మ ఇల్లు సర్దేశారు. గోడ మీద బైబిలు వాక్యం రాసిన బోర్డు తీసి మంచం కింద పెట్టారు. ఒకామె ఎరువుల కొట్టు వాళ్ళిచ్చిన వెంకటేశ్వరస్వామి క్యాలెండరు తెచ్చి మేకుకు తగిలించింది. పెద్దమ్మ అంతా చూసి, క్యాలెండరు తీసి చుట్ట చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

"ఆయన్నెందుకే మధ్యలో ఇరికిస్తారు? పాపం ఆయన నాకేం అపకారం చేశాడు, ఆయన చేత అబద్ధం చెప్పించడానికి?" అంది. అరుగు మీద కూర్చున్న నేను పడీ పడీ నవ్వాను. మా ఇంటి దేవుణ్ణి అంత మర్యాదగా చూసినవాళ్ళు మా బంధువుల్లోనే తక్కువ. మంచం కింది బోర్డు కూడా తీసి మళ్ళీ గోడకు పెట్టేసింది.

వచ్చినతను కుర్రవాడేమీ కాదు, నెమ్మదస్తుడు. బోర్డు వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"చర్చికి వెళ్తావామ్మా?"

"పోతానండి."

"పాటలు అవీ పాడతావా?"

"పాడతానండి. గొంతు బాగోదు గాని పాడతా."

"బాప్తిస్మం తీసుకున్నావా?"

"లేదండి."

"ఇన్నేళ్ళూ వెళ్తూ ఎందుకు తీసుకోలేదు?" అన్నాడు. పెద్దమ్మ లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అతను తాగి, చెంబు కింద పెట్టి, ఇక ఏమీ అడక్కుండా వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్ వచ్చింది.

అతను వీధి మలుపు తిరగగానే ఆడవాళ్ళంతా చేరి ఆమె తెలివిని పొగిడారు. నేనూ పొగిడాను, అబద్ధమాడకుండానే గట్టెక్కావు పెద్దమ్మా అని. ఆమె గడపలో కూలబడింది. "లేదండీ అని ఎంత తేలిగ్గా వచ్చిందే నోటికి," అంది. "ఆలోచించుకోనన్నా లేదు. సారా తాగుతావా అంటే లేదండీ అన్నట్టు అనేశా." పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంతకు ముందుగాని ఆ తర్వాతగాని ఆమె ఏడవడం నేను చూడలేదు.

ఆ తర్వాత నాకు నందిగామలోనే ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. పేట వైపు వెళ్ళినప్పుడల్లా వాడలోకి వెళ్ళేదాన్ని. మనవరాలు టీచరు ట్రైనింగ్ అయ్యి, పరీక్షలు రాసి, నోటిఫికేషన్ కోసం కాచుకుని, చివరికి చందర్లపాడు దగ్గర ఒక బడిలో టీచరైంది. నేను స్వీట్లు పట్టుకుని వెళ్ళాను. "ఇంకేం, రేపే రేవుకి ప్రయాణం," అన్నాను.

"ప్రొబేషనంట అమ్మాయ్. అదేందో రెండేళ్ళంట. అప్పుడుగాని గట్టిపడదంట," అంది.

మనవరాలు నా ముందే తల బాదుకుంది. "అమ్మమ్మా, నీకూ నా ఉద్యోగానికీ ఏం సంబంధం? వెళ్ళి తీసుకో," అని పోట్లాడింది. నేను తెలిసిన లాయరు గారిని అడిగాను. అవ్వ బాప్తిస్మానికీ మనవరాలి ఉద్యోగానికీ ముడి పెట్టకూడదు అన్నాడాయన. కానీ గిట్టనివాళ్ళు ఎవరైనా అర్జీ పెడితే ఆఫీసుల చుట్టూ తిప్పుతారు, అదీ చెప్పాలి కదా అన్నాడు. నేను రెండూ చెప్పాను. పెద్దమ్మకు రెండోదే వినపడింది.

ఆ రెండేళ్ళు నిండకుండానే ఆమె మంచం పట్టింది. కాళ్ళు వాచాయి, ఆయాసం ఎక్కువైంది. నందిగామ ఆసుపత్రిలో చేర్చారు. గుండె బాగా నీరసించిందన్నారు డాక్టర్లు. మళ్ళీ పేటకు, ఇంటికి తీసుకెళ్ళిపోయేదాకా, ఆఫీసు అవగానే రోజూ వెళ్ళి కాసేపు కూర్చునేదాన్ని.

ఒక సాయంత్రం నేను వెళ్ళేసరికి పేట నుంచి అయ్యగారు వచ్చి ఉన్నారు. మనవరాలు ఆయన్ని తీసుకొచ్చింది. వాళ్ళ సంఘంలో ముంచడమేగాని నీళ్ళు చల్లడం ఒప్పుకోరు. అయినా ఆయన చిన్న సీసాలో నీళ్ళు పట్టుకొచ్చారు.

"పెద్దలతో నేను మాట్లాడుకుంటానమ్మా. ఇక్కడే, ఎవరికీ తెలియకుండా, కాసిని నీళ్ళు నెత్తిన పోస్తా. తీసుకో," అన్నారు.

"ఎవరికీ తెలవకుండా ఎందుకయ్యగారూ? నేనేమన్నా దొంగతనం చేస్తన్నానా?" అంది పెద్దమ్మ, ఊపిరి అందక ఆగి ఆగి.

"అందరికీ తెలిసేలా తీసుకో. నేను భయపడను అమ్మమ్మా," అని మనవరాలు మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది. "నీ కోసమే కదా నేను ఉద్యోగం చేసేది. పోతే పోనీ."

"పోనీ అంటానికేనా నేను ఇన్నాళ్ళు ఆగింది? రేపు ఎవడో ఒకడు నిన్ను నిలబెట్టి, మీ అమ్మమ్మ పుచ్చుకుందా అంటే నువ్వేం చెప్తావు? అదిగో, అది నీ నోట పెట్టి పోలేను. ఆగినదాన్ని ఆగా. ఇంకెంతలే." పిల్ల తల మీద చెయ్యి వేసింది. "అయ్యగారూ, ఆ నీళ్ళు తాగడానికి పనికొస్తయ్యా? ఎండన పడొచ్చారు, తాగండి."

అయ్యగారు ఆ సీసా పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టారుగాని పూర్తి చెయ్యలేకపోయారు. గోడ పక్క చోటు కోసం తర్వాత చర్చి పెద్దలతో వాదించింది ఆయనేనని మనవరాలు నాకు చెప్పింది.

ఆయన్ని బస్సెక్కించడానికి మనవరాలు వెళ్ళింది. వార్డులో పెద్దమ్మ పక్కన నేనొక్కదాన్నే మిగిలాను. నిద్రపోయిందనుకున్నాను.

"అమ్మాయ్, నువ్వు తిన్నావు గదా," అంది.

"ఇంకా లేదు పెద్దమ్మా. ఇంటికెళ్ళి తింటా."

"అన్నం కాదు. రొట్టె. బల్ల రొట్టె. నువ్వొచ్చిన మొదటి ఆదివారం."

నేను పూర్తిగా మర్చిపోయిన సంగతి అది. చర్చికి వెళ్ళిన మొదటి రోజు, ఏమీ తెలియక, గుళ్ళో ప్రసాదం తీసుకున్నట్టు పళ్ళెంలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాను. చిన్న గ్లాసు కూడా తీసుకుని తాగేశాను. పక్కనున్న ఆవిడ గుడ్లప్పగించి చూసింది. అయ్యగారు, పర్వాలేదు, తెలియక చేసింది అన్నారట. అప్పుడు పెద్దమ్మ పిల్లల్ని ఎత్తుకుని గుమ్మం బయట ఉంది.

"బయట నుంచి చూశా. అప్పట్నుంచి అడుగుదామనుకుంటన్నా, సిగ్గేసింది. మా వాళ్ళని అడిగితే ఏడిపిచ్చినట్టుంటది, వాళ్ళు చెప్పలేరు. నువ్వయితే చెప్తావు. ఎట్టుంటది?"

గొప్పగా ఏదైనా చెబుదామనిపించింది. అమృతంలా ఉందనో, ఒళ్ళు పులకరించిందనో. కానీ ఒక్క అబద్ధం ఆడాల్సి వస్తుందని జీవితమంతా ఆ పళ్ళేనికి దూరంగా ఉన్న మనిషి అడుగుతోంది. నా దగ్గర ఉన్నది ఉన్నట్టే చెప్పాను.

"చిన్న ముక్క పెద్దమ్మా. గోరంత. చప్పగా ఉంది."

"ఉప్పుండదా?"

"ఉండదు. నాలిక మీద పెట్టుకోగానే మెత్తబడిపోయింది. నమలక్కర్లేదు."

"రసం?"

"తియ్యగా ఉంది. చివర్న కాస్త వగరు."

"మింగేటప్పుడు?"

"ఏమీ తెలియలేదు. దానంతటదే లోపలికి వెళ్ళిపోయింది."

పెద్దమ్మ పెదాలు దగ్గరికి తెచ్చుకుని నోరు మూసుకుంది. గొంతు మెల్లగా కదిలింది, గుటక వేసింది.

"చాల్లే అమ్మాయ్," అంది. "ఇంక ఇంటికి పో, మీ అమ్మ ఎదురు చూస్తా ఉంటది."